"ఆ పాత్ర అలా ఎందుకు చేసింది?" అని రచయితనే అడగాలంటే: ఫాంటసీ సిరీస్ పాఠకులకు సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల క్రితం ఒక సాహిత్య సభలో నాకు బాగా ఇష్టమైన ఫాంటసీ సిరీస్ రచయితను ప్రశ్న అడిగే అవకాశం వచ్చింది. అప్పటికి మూడు భాగాలూ రెండేసి సార్లు చదివేశాను. మైకు చేతికొచ్చేసరికి టెన్షన్‌లో నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఆ అన్నను ద్రోహిగా ఎందుకు మార్చేశారు సార్, అతను అలాంటివాడు కాదు కదా?" ఆయన మర్యాదగానే నవ్వి "కథకి అది అవసరమైంది" అన్నారు. మైకు పక్క వరసకి వెళ్లిపోయింది.

తిరిగొస్తూ బస్సులో కూర్చున్నాక తెలిసింది, నేను అడగాలనుకున్నది అసలు అది కాదని. కోట తలుపు శత్రువులకి తెరవడానికి ముందు రాత్రి ఆ అన్న తన తమ్ముడి గది దాకా నడిచి వెళ్తాడు, చెయ్యి ఎత్తుతాడు, తలుపు కొట్టకుండానే వెనక్కి వచ్చేస్తాడు. ఆ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు అతని మనసులో ఏముంది? ఇదీ నా ప్రశ్న. ఇది అడిగి ఉంటే ఆయన ఇంకో మాట చెప్పి ఉండేవారని ఇప్పటికీ నా నమ్మకం.

అప్పట్నుంచి ఈ విషయం మీద పట్టుదల పెరిగింది. రచయితలు పాఠకులకి రాసిన ఉత్తరాలు వెతికి చదివాను, ఇంటర్వ్యూలు విన్నాను, హైదరాబాద్‌లో నెలకోసారి కలిసే మా చదువరుల గుంపులో రకరకాలుగా ప్రశ్నలు అడిగి చూశాం. వాటిలో పనికొచ్చినవన్నీ ఇక్కడ పెడుతున్నాను. పుస్తక ప్రదర్శనలో సంతకం కోసం నిలబడ్డప్పుడైనా, వీడియో కాల్‌లో మాట్లాడినా, ఉత్తరం రాసినా పద్ధతి ఒక్కటే.

మొదటి అడుగు: పాత్రను వదిలి, పాత్ర చేసిన ఒక్క పనిని పట్టుకోండి

"ఆమె ఎందుకంత కఠినంగా ఉంటుంది", "అతను మంచివాడా చెడ్డవాడా" లాంటి ప్రశ్నలు ఇంట్లో మనం మనం మాట్లాడుకోవడానికి బాగుంటాయి. రచయిత ముందు పెడితే జవాబు కూడా అంత వదులుగానే వస్తుంది. ఆ మనిషిని ఆయన వెయ్యి పేజీల్లో చూపించారు, దాన్నంతా రెండు నిమిషాల్లో చెప్పమంటే ఏం చెప్తారు పాపం.

ఒక్క పని తీసుకోండి. ఒక అబద్ధం, ఒక మౌనం, వెనక్కి తిరిగిన ఒక్క క్షణం. అది ఏ భాగంలో, ఏ అధ్యాయంలో ఉందో రాసి పెట్టుకోండి. పాత్ర పెద్ద పని చేసిన చోటు కన్నా, దానికి కాస్త ముందు తడబడిన చోటు దొరికితే ఇంకా మంచిది. రాజ్యం వదులుకోవడం, కత్తి దూయడం లాంటివి అందరూ అడిగేస్తారు, వాటికి రచయిత దగ్గర అరిగిపోయిన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది. చిన్న చోటు గురించి అడిగితే ఆయన కూడా ఆగి ఆలోచించాలి, మనకి కావలసింది ఆ ఆగడమే.

రెండో అడుగు: ఆ క్షణానికి ఆ పాత్రకి ఏం తెలుసు?

ఎక్కువ మంది దాటేసే అడుగు ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మనం సిరీస్ మొత్తం చదివేశాం కాబట్టి మనకి అన్నీ తెలుసు. పాత్రకి తెలియదు. అందుకే ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఆ పేజీ నాటికి ఈ మనిషికి తెలిసిందేమిటి, కావలసిందేమిటి, భయపడుతున్నది దేనికి. మీరు అడగాలనుకున్న ప్రశ్నల్లో సగం ఈ కాగితం మీదే తేలిపోతాయి, తేలనివే రచయిత దాకా తీసుకెళ్లాల్సినవి.

ఇది మనకి కొత్త విద్యేం కాదు. కుంతి వచ్చి నువ్వు నా కొడుకువి అని చెప్పినా కర్ణుడు పాండవుల వైపు ఎందుకు వెళ్లలేదు అని మన ఇళ్లలో ఎన్ని తరాలు వాదించుకోలేదు! ఆ వాదనల్లో చాలామంది మర్చిపోయేది ఒకటుంది. ఉద్యోగపర్వంలో కుంతి రాకముందే కృష్ణుడు కర్ణుడికి ఆ జన్మరహస్యం చెప్పేశాడు. అంటే గంగ ఒడ్డున కుంతి చెప్పింది కర్ణుడికి కొత్త సంగతి కాదు. విని నివ్వెరపోయిన మనిషి కాదతను, ఇదివరకే ఒకసారి కాదని, దాని గురించి ఆలోచించుకున్న మనిషి. ఈ ఒక్కటి గుర్తుంటే "ఎందుకు వెళ్లలేదు" అన్న ప్రశ్న, "ఇంతకుముందే తెలిసినవాడు తల్లి నోటి నుంచి విన్నప్పుడు ఏం కోరుకున్నాడు" అన్న ప్రశ్నగా మారిపోతుంది. రెండోది ఎంత లోతైన ప్రశ్నో చూడండి.

ఇప్పుడు ఫాంటసీకి వద్దాం. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రెండో భాగంలో కిరిత్ ఉంగోల్ అనే కనుమకి వెళ్లే మెట్ల దగ్గర ఒక సన్నివేశం ఉంది. మా గుంపులో దీని మీద ఒక సాయంత్రమంతా గడిచింది. దుష్టశక్తి ఉన్న ఒక ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేసి నాశనం చేయడానికి బయల్దేరిన ఫ్రోడో, అతని సేవకుడు శామ్ అలసిపోయి నిద్రపోతున్నారు, ఫ్రోడో తల శామ్ ఒడిలో ఉంది. వాళ్లకి దారి చూపిస్తున్నది గొల్లమ్, ఒకప్పుడు ఆ ఉంగరం తన దగ్గరే ఉండి, దాని మీద ఆశ చావనివాడు. ఎక్కడికో వెళ్లిన అతను తిరిగొచ్చి వాళ్లని అలా చూస్తాడు. అతని కళ్లలో పచ్చటి మెరుపు ఆరిపోతుంది. కనుమ వైపు తిరిగి చూస్తాడు, లోపల తనతో తనే వాదించుకుంటున్నట్టు తల ఊపుతాడు, తర్వాత వణుకుతున్న చేత్తో మెల్లగా ఫ్రోడో మోకాలిని తాకుతాడు. ఆ క్షణంలో ఎవరైనా చూస్తే అక్కడ ఉన్నది ముసలివాడైపోయిన, అలసిన ఒక హాబిట్ (ఫ్రోడో, శామ్‌ల లాంటి పొట్టి జాతి మనిషి) అనుకునేవారు. అంతలో ఫ్రోడో నిద్రలో చిన్నగా అరుస్తాడు, శామ్ ఉలిక్కిపడి లేస్తాడు, తన యజమాని మీద గొల్లమ్ చెయ్యి కనిపిస్తుంది, నోటికొచ్చినట్టు తిడతాడు. కళ్లలో పచ్చ మెరుపు మళ్లీ వస్తుంది. అక్కణ్ణుంచి గొల్లమ్ వాళ్లని సాలెపురుగు గుహలోకి తీసుకుపోతాడు.

శామ్ ఎందుకలా విరుచుకుపడ్డాడు? "గొల్లమ్ అంటే అతనికి అనుమానం" అనేది అందరూ చెప్పే జవాబు. కానీ కాగితం మీద రాసుకుంటే ఇంకొకటి బయటపడుతుంది. శామ్ ఆ రాత్రి మెలకువగా కాపలా కాయాల్సినవాడు, నిద్రపోయాడు. కొద్దిసేపటికి తనే గొల్లమ్‌కి క్షమాపణ చెప్తూ, నేను నిద్రపోకుండా ఉండాల్సింది, అందుకే మాట కాస్త కటువుగా వచ్చింది అని ఒప్పుకుంటాడు. అంటే ఆ కోపంలో కొంత తన మీద తనకే ఉన్న కోపం. ఇది పుస్తకంలోనే ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇంత దూరం మన సొంతంగా వచ్చాక మిగిలే ప్రశ్నే రచయితకి వెయ్యాలి.

ఆ రచయిత ఈ సన్నివేశం గురించి పాఠకులతో మాట్లాడారు కూడా. 1963 సెప్టెంబరులో ఒక పాఠకురాలికి జవాబుగా టోల్కీన్ రాసుకున్న పొడవైన ఉత్తరపు చిత్తుప్రతుల్లో, గొల్లమ్‌లో వచ్చిన మార్పును శామ్ గమనించలేకపోవడమే తన దృష్టిలో బహుశా కథ మొత్తంలో అతి విషాదమైన క్షణం అన్నారు. శామ్ సేవలో కాస్త గర్వం, నా యజమాని అనే సొంతదారుతనం ఉన్నాయని, తాను ప్రేమించే యజమానిని పూర్తిగా అర్థం చేసుకోకుండా అవే అడ్డుపడ్డాయని కూడా చెప్పారు. చూడండి, పేజీలో ఒక కారణం దొరికింది, ఉత్తరంలో దాని కింద ఉన్న ఇంకో కారణం దొరికింది. రెండూ కొట్లాడుకోవు. రచయితతో మాట్లాడితే దక్కే లాభం సరిగ్గా ఇదీ.

మూడో అడుగు: మీరు అడుగుతున్నది ఏ "ఎందుకు"?

కథలో జరిగే ప్రతి పనికీ రెండు కారణాలు ఉంటాయి. లోపలి కారణం పాత్రది, అతను ఏం కోరుకున్నాడు, ఏం తట్టుకోలేకపోయాడు అన్నది. బయటి కారణం రచయితది, కథ అటు తిరగాల్సిన అవసరం ఏమొచ్చింది అన్నది. ఆ రోజు సభలో నేను "ఎందుకు మార్చేశారు" అని బయటి కారణం అడిగాను, బయటి జవాబే వచ్చింది. తప్పు ఆయనది కాదు.

రెండూ అడగదగ్గవే. కలిపేస్తేనే చిక్కు. ఫ్రోడో చివర్లో అగ్నిపర్వతం అంచున నిలబడి, వచ్చిన పని చేయను, ఉంగరం నాది అంటాడు. ఇంత దూరం ప్రాణాలొడ్డి మోసుకొచ్చినవాడు ఆఖరి అడుగులో కాదన్నాడు! అతన్ని గౌరవించడం కాదు, ద్రోహిగా మరణశిక్ష వేయాల్సింది అంటూ ఒక పాఠకుడి నుంచి తనకి ఘాటైన ఉత్తరం వచ్చిందని టోల్కీన్ 1956లో రాశారు. ఆయన ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. అవును, ఫ్రోడో విఫలమయ్యాడు అనే ఒప్పుకున్నారు. లోపలి కారణం వేరే చెప్పారు: ఆ చోట ఉంగరం ఒత్తిడి పతాకస్థాయిలో ఉంటుంది, నెలల తరబడి హింసపడి, తిండి లేక, ఒళ్లు హూనమైన మనిషి ఎవరూ దాన్ని తట్టుకోలేరు, కాబట్టి దీన్ని నైతిక పతనం అనుకోను అని. బయటి కారణం ఇంకోటి: ఆ పని చివరికి పూర్తయింది ఫ్రోడో బలం వల్ల కాదు, అంతకుముందు గొల్లమ్ మీద చూపించిన జాలి వల్ల, కథ తర్కం మొదట్నుంచీ అక్కడికే నడుస్తోంది అని. పైగా ఫ్రోడో వైఫల్యాన్ని అసలు గమనించి రాసిన పాఠకులే చాలా తక్కువ అని కూడా అన్నారు. గమనించి రాసినవాళ్లకి మాత్రం పేజీలకు పేజీలు జవాబిచ్చారు.

కాబట్టి అడిగే ముందు మీ ప్రశ్న ఏ వైపుదో తేల్చుకోండి. "అతను" అనే మాటతో మొదలైతే లోపలిది, "మీరు" అనే మాటతో మొదలైతే బయటిది.

నాలుగో అడుగు: ప్రశ్నను రెండు వాక్యాల్లోకి తెండి

సభలో మీకు దొరికేది అర నిమిషం. మొదటి వాక్యంలో చోటు చెప్పండి, రెండో వాక్యంలో అడగండి. అంతే. "నేను మీకు పెద్ద అభిమానిని, చిన్నప్పట్నుంచి..." అని మొదలుపెడితే ఆ అర నిమిషం అక్కడే అయిపోతుంది. ఆ ప్రేమ నిజమే, కాదనను, కానీ ఫలానా అధ్యాయంలో ఫలానా గుమ్మం గుర్తుపెట్టుకుని వచ్చిన పాఠకుడి ప్రేమ ఆ ప్రశ్నలోనే కనబడిపోతుంది.

నా పాత ప్రశ్నని ఇప్పుడు రాస్తే ఇలా ఉంటుంది: "మూడో భాగంలో తలుపు తెరవడానికి ముందు రాత్రి, అన్న తమ్ముడి గది దాకా వెళ్లి తలుపు కొట్టకుండా వచ్చేస్తాడు. తమ్ముడు ఆపితే బాగుండునని వెళ్లాడా, లేక చివరిసారి చూసుకుందామని వెళ్లాడా?" రెండు దారులు చూపించాను కదా అని రచయిత వాటిలో ఒకటి ఎంచుకోవాలని లేదు, మూడోది చెప్పొచ్చు. కానీ మనం ఎంత దగ్గరగా చదివామో ఆయనకి తెలుస్తుంది.

మాట తీరు గురించి ఇంకో మాట. "అది పొరపాటు కదా", "అతని స్వభావానికి అది సరిపోదు కదా" అని కదాతో ముగిసే ప్రశ్నలు ప్రశ్నలు కావు, తీర్పులు. తీర్పు వినగానే ఎవరైనా తమ పనిని సమర్థించుకోవడం మొదలుపెడతారు, ఇక పాత్ర గురించి మాట్లాడరు. నిజంగానే మీకు అది పొసగలేదనిపిస్తే ఆ మాట నేరుగా, మీ అనుభవంగా చెప్పండి: "రెండో భాగంలో ఆమె ఖైదీల్ని వదిలేసింది, నాలుగో భాగంలో వదల్లేదు, ఈ మధ్యలో ఆమెలో మారిందేమిటో నాకు అందలేదు." రచయిత తెలుగువారైతే గారు అని పిలిచి మామూలుగా మాట్లాడండి. ఇంగ్లీషు రచయితైతే ప్రశ్నను ముందే ఇంగ్లీషులో రాసుకుని కాగితం చూసి చదివేయండి, అందులో నామోషీ ఏమీ లేదు, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఏ భాగం దాకా మాట్లాడబోతున్నారో ముందే చెప్పడం మర్చిపోకండి. హాల్లో మొదటి భాగం సగంలో ఉన్న పిల్లలు ఉంటారు.

ఉత్తరమో మెయిలో రాస్తుంటే పేజీ దాటనివ్వకండి. మీ సొంత కథ ఊహలు, తర్వాతి భాగం ఇలా ఉంటే బాగుంటుంది అనేవి అందులో పెట్టొద్దు. అలాంటివి ఉన్నాయని తెలిస్తే చాలామంది రచయితలు చదవడమే ఆపేస్తారు, రేపు ఇది నా ఊహే అని ఎవరైనా గొడవ పెట్టుకుంటారన్న భయం వాళ్లది. ఆ భయంలో న్యాయం ఉంది.

ఐదో అడుగు: సిరీస్ ఇంకా నడుస్తుంటే

ఇది వేరే ఆట. రచయిత దగ్గర జవాబు ఉంటుంది కానీ చెప్పకూడదు. 'వీల్ ఆఫ్ టైమ్' రాసిన రాబర్ట్ జోర్డాన్ ఇలాంటి ప్రశ్నలకి "చదవండి, తెలుస్తుంది" అనే అర్థం వచ్చే మాట ఒకటి అనేవారు, అది ఆయన పాఠకుల్లో ఊతపదంలా స్థిరపడిపోయింది. ఆ సిరీస్‌లో 1993లో వచ్చిన అయిదో పుస్తకం చివర ఒక పాత్ర హత్యకి గురవుతుంది, చంపిందెవరో పుస్తకంలో లేదు. పాఠకులు ఆయన్ని ఏళ్ల తరబడి అడిగారు. ఆయన చెప్పలేదు. 2007లో ఆయన పోయారు, మిగిలిన కథను ఆయన నోట్సు ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ మూడు పుస్తకాలుగా పూర్తి చేశారు. ఆ హంతకుడి పేరు చివరికి 2010లో వచ్చిన పదమూడో పుస్తకం వెనక ఉన్న పదాల పట్టికలో దొరికింది. పదిహేడేళ్లు!

అందుకే నడుస్తున్న సిరీస్‌లో ముందుకు చూసే ప్రశ్న వెయ్యకండి, వెనక్కి చూసేది వెయ్యండి. "ఆమె రాజును నిజంగా ప్రేమిస్తోందా" అంటే రాబోయే భాగాన్ని చెప్పమన్నట్టే. "మొదటి భాగంలో రాజు కానుక పంపితే ఆమె విప్పకుండా పక్కన పెట్టింది, అప్పటికి ఆమె ఏమనుకుంటోంది" అంటే ఇప్పటికే అచ్చయిపోయిన పేజీ గురించి అడిగినట్టు. ఈ రెండో దానికి జవాబు రావడానికి వీలుంది. రాకపోయినా బాధపడకండి, ఏ ప్రశ్నకి రచయిత నోరు మూసుకున్నారో అది కూడా రాసి పెట్టుకోండి, తర్వాతి భాగం వచ్చాక ఆ కాగితం తీసి చూస్తే భలే ఉంటుంది.

ఆరో అడుగు: జవాబు వస్తున్నప్పుడు

వినండి. చెప్పడం తేలిక, చేయడం కష్టం, ఎందుకంటే మన ఊహ తప్పని తేలుతుంటే మనసు వెంటనే ఎదురువాదన వెతుక్కుంటుంది. రచయిత మాట్లాడుతున్నంతసేపూ ఆయన వాడిన ఒక్క మాట పట్టుకోండి. "ఆమెకి అప్పుడు సిగ్గేసింది" అన్నారనుకోండి, ఎవరి ముందు సిగ్గు అని అడగండి. అనుబంధ ప్రశ్నకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు.

"అలా జరక్కపోయి ఉంటే" అనే ప్రశ్నని కొందరు చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. పాత్ర మనసులో ఏది బలమైనదో తేల్చడానికి అదే మంచి దారి. ఇందాకటి 1963 ఉత్తరంలోనే, శామ్ ఆ మెట్ల దగ్గర కాస్త దయగా ఉండి ఉంటే ఏమయ్యేదని టోల్కీన్ ఊహిస్తారు. గొల్లమ్ అప్పుడు కూడా ఉంగరం కాజేసే ఉండేవాడు, కానీ దాన్ని చేజిక్కించుకున్న తృప్తి తీరాక ఫ్రోడో కోసం తనంతట తనే నిప్పుల్లోకి దూకి ఉండేవాడు అంటారు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. జరగని ఆ కథ తెలిశాక జరిగిన కథలో గొల్లమ్ కోరిక, ప్రేమ రెండూ ఒకేసారి కనిపించాయి, ఉంగరం మీది ఆశ చావలేదు, ఫ్రోడో మీది మమకారమూ అబద్ధం కాదు.

"నాకూ తెలియదు" అని రచయిత అంటే దాన్ని తప్పించుకోవడంగా తీసుకోకండి. రాసేటప్పుడు పాత్ర ఆ పని చేస్తుందని తెలుస్తుంది, ఎందుకో కొన్నిసార్లు తెలియదు. అప్పుడు "రాస్తున్నప్పుడు ఆ సన్నివేశం మొదట్నుంచీ ఇలాగే ఉందా, మార్చారా" అని అడిగి చూడండి, చిత్తుప్రతుల గురించి మాట్లాడటం మొదలుపెడితే కారణం దానంతట అదే బయటికొస్తుంది.

గుంపుగా వెళ్తే ముందే కూర్చుని ప్రశ్నలు పంచుకోండి. నలుగురూ ఒకే పాత్రని పట్టుకుంటే మిగతావాళ్లకి విసుగు.

ఏడో అడుగు: జవాబు పక్కన తేదీ రాయండి

ఇంటికి రాగానే, ఆ రాత్రే, రచయిత అన్న మాటల్ని అన్నట్టుగా రాయండి, మీ అభిప్రాయం వేరే రంగు ఇంకుతో రాయండి. వారం పోతే రెండూ కలిసిపోతాయి.

తేదీ ఎందుకంటే, రచయితలు మారతారు. ఉర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' కథలు మొదటి మూడూ 1968, 1971, 1972లో వచ్చాయి. మూడో పుస్తకం చివర మాంత్రికుడు గెడ్ తన శక్తినంతా ఖర్చుపెట్టేసి డ్రాగన్ మీద ఇంటిదారి పడతాడు. చదివితే ప్రశాంతంగా ఉంటుంది, చేయాల్సింది చేసేసిన మనిషి ఇంటికి పోతున్నాడు అనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1990లో నాలుగోది వచ్చింది. అందులో అదే గెడ్ శక్తి పోయిన దుఃఖంతో, సిగ్గుతో కుంగిపోయి ఉంటాడు, కొత్త రాజు మనుషులు వెతుక్కుంటూ వస్తే వాళ్లకి కనబడకుండా కొండ మీదికి మేకలు కాయడానికి వెళ్లిపోతాడు. ఆ రాజు పట్టాభిషేకానికి గెడ్ ఎందుకు వెళ్లలేదు అన్న ప్రశ్నని 1975లో అడిగి ఉంటే ఒక జవాబు, 1995లో అడిగి ఉంటే ఇంకో జవాబు వచ్చి ఉండేదని నా ఊహ. ఆ నాలుగో పుస్తకాన్ని ఆఖరిది అని ప్రకటించి, 2001లో మళ్లీ రెండు ఎర్త్‌సీ పుస్తకాలు తెచ్చారు ఆవిడ. తన లోకం గురించి తనే కొత్తగా తెలుసుకుంటూ పోయిన రచయిత్రి. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

మరి రచయిత చెప్పిందే చివరి మాటా? నా మటుకు నేను రచయిత మాటను అందరికన్నా దగ్గరగా ఉన్న సాక్షి మాటగా తీసుకుంటాను. పేజీలో ఉన్నదాన్ని అది వెలిగిస్తే ఉంచుకుంటాను. పేజీలో ఉన్నదానికి అడ్డొస్తే పేజీ వైపు ఉంటాను. 2007 అక్టోబరులో న్యూయార్క్‌లో ఒక సభలో, 'హ్యారీ పోటర్' కథల్లోని మాంత్రికుల బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ ఎప్పుడైనా ప్రేమలో పడ్డాడా అని ఒకరు అడిగితే, అతను స్వలింగ ప్రేమికుడని, కుర్రతనంలో స్నేహితుడై తర్వాత దుష్ట మాంత్రికుడిగా మారిన గ్రిండెల్‌వాల్డ్‌ని ప్రేమించాడని జె.కె. రౌలింగ్ చెప్పారు. ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఆ మాట నేరుగా లేదు. కానీ అంత తెలివైన కుర్రాడు అంత ప్రమాదకరమైన ఆలోచనల్లోకి ఎలా కొట్టుకుపోయాడు అన్న చోట ఆ జవాబు పెట్టి చూస్తే చాలామందికి సన్నివేశం కొత్తగా వెలిగింది, ఇంకొందరికి పుస్తకంలో లేనిది ఇప్పుడెందుకు అనిపించింది. రెండు రకాల పాఠకులతోనూ కూర్చుని మాట్లాడాను, ఇద్దరూ జాగ్రత్తగా చదివినవాళ్లే.

విభేదిస్తే అది కూడా రాయండి. మర్యాదగా, పేజీ చూపించి.

రచయిత అందుబాటులో లేకపోతే

చాలాసార్లు జరిగేది ఇదే. కొందరు పోయారు, కొందరు ఎవరికీ జవాబివ్వరు. అప్పుడు వాళ్లు వేరేవాళ్లకి ఇచ్చిన జవాబులు చదవండి, కానీ ఒక జాగ్రత్తతో: అది పంపిన ఉత్తరమా, పంపకుండా ఆపేసిన చిత్తా చూసుకోండి. 1954లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక పుస్తకాల షాపు మేనేజరు టోల్కీన్‌ని ఆ లోకం ధర్మసూక్ష్మాల మీద నిలదీస్తే ఆయన చాలా పెద్ద జవాబు రాయడం మొదలుపెట్టి, నన్ను నేను మరీ గొప్పగా ఊహించుకుంటున్నట్టుంది అనిపించి పంపకుండా ఆపేశారు. అలాంటి కాగితాన్ని రచయిత తీర్పులా కాకుండా, తనలో తాను ఆలోచించుకోవడంలా చదవాలి. ఆయన ఉత్తరాల సంపుటం 1981లో వచ్చింది, 2023లో ఇంకా పెద్దది చేసి వేశారు. మీ ప్రశ్నకి దగ్గరగా ఎవరో ఒకరు ఎప్పుడో రాసే ఉంటారు, వెతకండి.

మన దగ్గర ఈ విషయంలో నాకొక తీరని కోరిక మిగిలిపోయింది. చందమామలో ఏళ్ల తరబడి మనల్ని మాంత్రికులతో, పాతాళ దుర్గాలతో ఊపేసిన సీరియళ్లు దాసరి సుబ్రహ్మణ్యం గారు రాశారు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాస్తున్నారో తెలియని పిల్లలు ఎవరికని ఉత్తరం రాస్తారు? ఆ మాంత్రికులకి అన్ని శక్తులుండగా ఇంకా ఏం కావాలి అని ఆయన్ని అడగాలని నాకుండేది. ఇప్పుడు తెలుగులో ఫాంటసీ రాస్తున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు, డిసెంబరులో హైదరాబాద్‌లో, జనవరిలో విజయవాడలో పుస్తక ప్రదర్శన స్టాళ్ల దగ్గర నిలబడి ఉంటారు, దగ్గరికెళ్లి ఒక అధ్యాయం పేరు చెప్పి అడగండి.

మొన్న మా గుంపులో ఆ మెట్ల సన్నివేశం మళ్లీ చదివాం. తొమ్మిదో తరగతి చదివే ఒక పాప చెయ్యెత్తి, "శామ్ సారీ చెప్పాడు కదా, మరి గొల్లమ్ ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగింది. అరవై ఏళ్ల కిందటి ఉత్తరంలో శామ్ గురించి ఉంది, అప్పటికే ఆలస్యమైందని ఉంది, గొల్లమ్ ఆ క్షమాపణని చెవిన వేసుకున్నాడా అన్నది మాత్రం నాకు గుర్తున్నంతలో ఎక్కడా దొరకలేదు. అందరం మళ్లీ ఆ పేజీ తెరిచాం.